రాత్రి పదింటికి ఒక గుడ్డు (తిండి లెక్కలు – 4)



ఇంతకుముందు మూడు భాగాల్లో హాస్టల్ మెస్సు గురించి, అంగన్‌వాడీ గుడ్డు గురించి, రేషన్ బియ్యం గురించి మాట్లాడుకున్నాం. ఈసారి దవాఖాన వార్డుకు పోదాం. లివర్ జబ్బు వార్డుకు. పొడుగ్గా ఉంటుంది. మధ్యలో కొంత సైన్స్ వస్తుంది, పారిపోకండి. ఆ సైన్స్ లేకుండా నేను ఈ మాట చెప్తే "వీళ్లకు ప్రతిదాంట్ల కులమే కనపడ్తది" అని ఒక్క కామెంట్‌తో కొట్టిపడేస్తారు. అందుకే ముందు ఒంటి లెక్క చెప్తాను, కులం లెక్క తర్వాత.

మా నాయిన మార్కెట్ యార్డులో హమాలీ. ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన భుజం ఆయనది. తాగేవాడు. దాచను. బస్తా దించినాక వచ్చే నొప్పికి ఆయనకు దొరికిన మందు అదొక్కటే అని చెప్పి ఆయన్ను దేవుణ్ని కూడా చెయ్యను. లివర్ గట్టిపడిందన్నారు. సిర్రోసిస్. పొట్టలో నీళ్లు, కాళ్లకు వాపు. ఒక సర్కారు దవాఖానలో పదకొండు రోజులు ఉన్నాం. ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక చీటీ పెట్టారు. ఉప్పు బంద్. నూనె బంద్. మాంసం, చేప, గుడ్డు బంద్. పప్పు కూడా బంద్. మజ్జిగ అన్నం, బ్రెడ్డు, పండ్ల రసం.

ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే. ఆ చీటీని పొయ్యి మీది గోడకు అన్నం మెతుకులతో అతికించింది నేనే.

ఒకరాత్రి పన్నెండు దాటినాక వంటింట్లో చప్పుడైతే లేచి చూశాను. మా అవ్వ గుడ్డు ఉడకబెట్టి, పొట్టు తీసి నాయిన చేతిలో పెట్టింది. "ఆకలైతుందంట బిడ్డా, కడుపుల మంట పెట్టినట్టు ఉందంట" అన్నది. నేను ఆ గుడ్డు గుంజుకున్నాను. "చంపుతవా ఏంది ఆయన్ను?" అని అవ్వ మీద అరిచాను. నాయిన ఏమనలేదు. "పోనీ తీయ్. బిడ్డ చదువుకున్నది గదా, దానికి తెలుసు" అన్నాడు.

నాకు తెలియదు. నాలుగు నెలలకు ఆయన పోయేనాటికి ఆ హమాలీ దండచెయ్యి నా రెండు వేళ్ల మధ్య పట్టేది. అవ్వకు తెలిసిందే నిజమని నాకు ఏళ్ల తర్వాత, చదివితే అర్థమైంది. ఏం చదివానో చెప్తాను.

మన లివర్ ఒక గరిసె లాంటిది. పగలు తిన్న అన్నంలోంచి వచ్చిన చక్కెరలో కొంత అందులో గ్లైకోజెన్ అనే రూపంలో నిల్వ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి లివర్‌లో సుమారు 100 గ్రాములు పడుతుంది. రాత్రి మనం పడుకుంటాం, మెదడు పడుకోదు. దానికి చక్కెర కావాలి. లివర్ ఆ గరిసెలోంచి కొంచెం కొంచెం తీసి రక్తంలోకి వదుల్తుంది. పొద్దున దాకా సాగుతుంది. అందుకే రాత్రి ఎనిమిదింటికి తిన్నవాడు పొద్దున ఎనిమిదింటికి లేచి మామూలుగా నడుస్తాడు.

సిర్రోసిస్ అంటే లివర్‌లో పనిచేసే కణాల జాగాలోకి మచ్చ కట్టిన పీచు వచ్చి కూర్చోవడం. గరిసె సగానికి, పావుకు కుదించుకుపోతుంది. రాత్రి పదింటికో పదకొండింటికో అడుగు తేలుతుంది. మెదడు మాత్రం చక్కెర అడగడం మానదు. కొవ్వు కరిగిస్తే ఒంటికి మంట అందుతుంది గానీ, కొవ్వులోంచి మెదడుకు కావాల్సినంత చక్కెర తయారుకాదు. అప్పుడు ఒళ్లు కండ మీద పడుతుంది. కండలోని ప్రొటీన్‌ను విరగ్గొట్టి, ఆ ముక్కలతో చక్కెర చేసుకుంటుంది. ఇల్లు వెచ్చగా ఉండడానికి దూలాలు పీకి పొయ్యిలో పెట్టుకున్నట్టు.

ఇది నా ఉపమానం గానీ, నా ఊహ కాదు. 1983లో అమెరికాలో ఒలివర్ ఓవెన్ అనే డాక్టరు, ఆయన బృందం తాగుడు వల్ల సిర్రోసిస్ వచ్చినవాళ్లను, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఒక రాత్రి ఉపవాసం తర్వాత కొలిచి చూశారు. ఒళ్లు ఏం కాల్చుకుంటోంది అని. ఆరోగ్యవంతులకు శక్తిలో దాదాపు 40 శాతం కొవ్వు నుంచి వస్తుంటే, సిర్రోసిస్ ఉన్నవాళ్లకు 70 శాతం దాకా వస్తోంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రెండు మూడు రోజులు కటిక ఉపవాసం ఉంటే ఒళ్లు ఏ స్థితికి వస్తుందో, ఈ రోగి ఒక్క రాత్రికే ఆ స్థితికి వచ్చేస్తున్నాడు.

ఆ వాక్యం మళ్లీ చదవండి. మా నాయిన రాత్రి పన్నెండింటికి "ఆకలైతుంది" అన్నప్పుడు ఆయన అన్నం తిని అయిదు గంటలే అయింది. ఆయన ఒంటికి మాత్రం అది రెండో రోజు పస్తు. ఆయన మారాం చెయ్యలేదు. తాగుబోతు జిహ్వ చాపల్యం కాదది. కండ అరుస్తోంది.

ఇప్పుడు వార్డుకు పోదాం. మేమున్న చోట రాత్రి భోజనం బండి సాయంత్రం ఆరున్నరకు వచ్చేది. వంటవాళ్ల డ్యూటీ దిగాలి కదా. పొద్దున ఉప్మానో ఇడ్లీయో ఎనిమిదిన్నరకు. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా పద్నాలుగు గంటలు. మధ్యలో ఏమీ లేదు. పొద్దున రక్త పరీక్ష ఉంటే ఇంకా ఆలస్యం. స్కానింగ్ ఉంటే "ఏం తినకుండా ఉండు" అని మధ్యాహ్నం పన్నెండు దాకా కూర్చోబెట్టడం, ఆ తర్వాత "ఇయ్యాల కాదు, రేపు రండి" అనడం. పదకొండు రోజుల్లో మా నాయినకు ఇట్లా మూడుసార్లు అయింది. ఒక్కొక్క పొద్దు ఆయన ఒంట్లోంచి ఎంత కండ కోసుకుపోయిందో కొలిచే త్రాసు ఆ వార్డులో లేదు. ఉన్న త్రాసేమో అబద్ధం చెప్పేది. పొట్టలో నీళ్లు చేరుతుంటే బరువు తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది. కేస్ షీటులో బరువు బాగానే ఉంది. కణతలు గుంటలు పడ్డాయి, తొడ కరిగింది, చెయ్యి పుల్లయింది. కాగితం మీద మనిషి బాగున్నాడు.

ఈ పద్నాలుగు గంటలకు విరుగుడు ఏదైనా ఖరీదైన మందా? కాదు. పడుకునే ముందు ఇంత తిండి. అంతే. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో లిండ్సే ప్లాంక్ బృందం 103 మంది సిర్రోసిస్ రోగులను రెండు గుంపులు చేసి ఏడాది పాటు చూసింది. 2008లో అచ్చయింది. అందరికీ ఇచ్చింది ఒకటే, రోజుకు 710 కేలరీల అదనపు పోషకాహారం. ఒక గుంపుకు పగలు, ఇంకో గుంపుకు రాత్రి. రాత్రి తిన్నవాళ్లకు ఒంట్లో ప్రొటీన్ పెరిగింది, సుమారు రెండు కిలోల కండకు సమానంగా. పగలు తిన్నవాళ్లకు పెరగలేదు. అదే డబ్బా, అదే కేలరీ. గడియారం మాత్రం వేరు.

అందుకే యూరప్ లివర్ డాక్టర్ల సంఘం మార్గదర్శకాల్లో పడుకునే ముందు తిండి తప్పనిసరి అంశం. మన దేశపు లివర్ డాక్టర్ల సంఘం చెప్పేదీ అదే. కిలో బరువుకు రోజుకు 35 కేలరీలకు తగ్గకుండా, ప్రొటీన్ కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్నవాడికి చెప్పేదాని కంటే ఎక్కువ. మళ్లీ చెప్తున్నాను, తక్కువ కాదు, ఎక్కువ. ఎందుకంటే వీళ్లలో చాలామందికి ఒళ్లు కూర్చున్నచోటే మామూలు కంటే ఎక్కువ కాల్చుకుంటుంది. పొట్టలో నీళ్లు కడుపును నొక్కేస్తే నాలుగు ముద్దలకే నిండినట్టుంటుంది. తిన్నది సరిగ్గా ఒంటబట్టదు. మూడు వైపులా కారే కుండ. దాంట్లో నీళ్లు తగ్గించి పొయ్యండి అని చెప్పేదే మా గోడ మీది చీటీ.

మరి ఆ చీటీ ఎక్కడినుంచి వచ్చింది? ఇక్కడ ఒక కథ ఉంది.

1893లో రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెన్‌స్కీ, పావ్‌లోవ్ అనే శాస్త్రవేత్తలు (అవును, గంట కొడితే చొంగ కార్చే కుక్క పావ్‌లోవే) పేగుల నుంచి లివర్‌కు పోయే రక్తనాళాన్ని లివర్‌ను తప్పించి వేరే నాళానికి కలిపేసిన కుక్కల మీద పనిచేశారు. ఆ కుక్కలకు మాంసం పెడితే మత్తులోకి, మతి తప్పిన స్థితికి పోయాయి. ప్రొటీన్ అరిగినప్పుడు అమ్మోనియా వస్తుంది, దాన్ని విరిచి మూత్రంలోకి పంపాల్సింది లివర్, లివర్ తప్పిపోయింది గనుక అమ్మోనియా తలకెక్కింది. ఇది నిజమే. సిర్రోసిస్ రోగులు కూడా కొందరు ఇట్లాగే మతి తప్పుతారు, పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటారు, చేతులు వణుకుతాయి, మనిషిని గుర్తుపట్టరు. దానికి 1950ల నాటి డాక్టర్లు కనిపెట్టిన దారి, ప్రొటీన్ కోసెయ్యడం. మాంసం బంద్, గుడ్డు బంద్, పప్పు బంద్.

వాళ్లు మర్చిపోయింది ఏమిటంటే, అమ్మోనియాను విరిచేది లివర్ ఒక్కటే కాదు. కండ కూడా దాన్ని పీల్చుకుని గ్లూటమైన్ అనే పదార్థంగా మార్చి కట్టేస్తుంది. లివర్ పడిపోయినప్పుడు ఆ పని భుజానికెత్తుకునే హమాలీ కండే. ప్రొటీన్ కోసేస్తే ఏమవుతుంది? ఒళ్లు కండను విరగ్గొట్టుకుంటుంది. విరిగిన కండలోంచి అమ్మోనియా వస్తుంది. అమ్మోనియాను పట్టే కండ తగ్గుతుంది. ఏ మత్తు రాకూడదని గుడ్డు ఆపారో, గుడ్డు ఆపడం వల్లే ఆ మత్తు దగ్గరవుతుంది.

2004లో బార్సిలోనాలో హువాన్ కోర్డోబా బృందం దీన్ని నేరుగా పరీక్ష పెట్టింది. మతి తప్పి దవాఖానలో చేరిన 30 మంది. సగం మందికి ప్రొటీన్ ఆపి మెల్లమెల్లగా పెంచారు, సగం మందికి మొదటి రోజు నుంచే కిలోకు 1.2 గ్రాములు ఇచ్చారు. కోలుకోవడంలో తేడా లేదు. తేడా వచ్చిందల్లా, ఆపినవాళ్లలో కండ ఎక్కువ విరిగింది. ఇరవై ఏళ్లు దాటింది ఈ మాట అచ్చయి. అసలు అంతకుముందే, 1941లోనే, న్యూయార్క్‌లో ఆర్థర్ పాటెక్, జోసెఫ్ పోస్ట్ అనే డాక్టర్లు సిర్రోసిస్ రోగులకు కడుపునిండా పుష్టికరమైన తిండి పెట్టి, బాగుపడుతున్నారని రాశారు. అంటే తెలిసింది, మర్చిపోయారు, మళ్లీ తెలిసింది. మన వార్డు గోడ మీద మాత్రం ఆ మర్చిపోయిన రోజులే ఇంకా నడుస్తున్నాయి.

ఇక్కడ ఒక డాక్టరు మిత్రుడు నాతో వాదించాడు. మనవాడే, హాస్టల్‌లో నాకు సీనియర్. "దీంట్ల కులం ఏడుందక్కా? ఒక పీజీ డాక్టరు అరవై మందిని చూస్తడు. డైటీషియన్ పోస్టు ఖాళీ. పాత చీటీ జిరాక్స్ తీసి ఇస్తడు. అంతే" అన్నాడు. ఆయన చెప్పిన వాస్తవం కాదనను. ఆ చీటీ ఇచ్చిన పిల్లడాక్టరు కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి, నాకు గుర్తుంది. ఆయన మనసులో కులం పెట్టుకుని రాయలేదు. ఆయనకు కులం అక్కర్లేదు, అలవాటు చాలు. పాత చీటీలు ఎన్నో ఉంటాయి వైద్యంలో. కొన్ని త్వరగా చిరిగిపోతాయి, కొన్ని వందేళ్లు బతుకుతాయి. ఏ చీటీ ఎందుకు బతుకుతుందో అడగాలి కదా?

ఇది బతికింది ఎందుకంటే, ఈ చీటీ చెప్పేది ఈ దేశంలో చదువుకున్న ఇళ్లు ముందే నమ్మిన మాట. మాంసం మురికి. గుడ్డు వేడి. పస్తు పవిత్రం. ఒంట్లో విషం చేరితే కడుపు మాడ్చి కడుక్కోవాలి. తినడం తగ్గించేవాడు సాధువు, తినేవాడు మృగం. పావ్‌లోవ్ కుక్క మా గూడేనికి రావడానికి ముందే దానికి ఇక్కడ గుడి కట్టి ఉంది. "మాంసం మానెయ్" అని చెప్పడానికి ఏ డాక్టరూ రుజువు చూపించాల్సిన అవసరం పడదు. "మాంసం తిను" అని చెప్పాలంటేనే గొంతు సవరించుకుంటాడు. రుజువు భారం ఎప్పుడూ మన కంచం మీదే.

అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ల మూలాల మీద రాసిన పుస్తకంలో, గొడ్డుమాంసం తినడమే మనల్ని ఊరి నుంచి వేరుచేసిన గీత అని వాదించాడు. ఆ గీత పుస్తకంలోనే ఉందనుకోకండి. 2015లో మధ్యప్రదేశ్ అంగన్‌వాడీల్లో గుడ్డు పెడదామన్న ప్రతిపాదనను అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ తోసిపుచ్చాడు. అక్కడ బక్కచిక్కిన పిల్ల ముందునుంచి గుడ్డు తీసిన చెయ్యీ, ఇక్కడ కండ కరిగిన రోగి ముందునుంచి గుడ్డు తీసిన చెయ్యీ ఒకే ధైర్యంతో కదిలాయి. తీసినవాణ్ని ఎవడూ ప్రశ్నించడు అనే ధైర్యం. నా చెయ్యి కూడా అదే ధైర్యంతో కదిలింది కదా ఆ రాత్రి. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా బీఫ్ ఫెస్టివల్‌లో పెద్దకూర బిర్యానీ తిన్న చెయ్యే ఇది. బయట జెండా పట్టుకుని, ఇంట్లో చీటీ అతికించాను. అందుకే ఇది ఎవరి మీదో రాళ్లు వెయ్యడానికి రాస్తున్నది మాత్రమే కాదు.

సైన్స్‌లో మనకు అనుకూలమైన ముక్కలే ఏరుకుంటే మనకూ వాట్సాప్ వైద్యులకూ తేడా ఉండదు. కాబట్టి ఇది కూడా చెప్పాలి. మతి తప్పే సమస్య ఉన్నవాళ్లకు మాంసం ప్రొటీన్ కంటే పప్పులు, పాలు, పెరుగు ప్రొటీన్ బాగా పడుతుందని, అమ్మోనియా తక్కువ చేస్తుందని ఆధారాలున్నాయి. నేను కాదనను. లివర్ రోగికి పెద్దకూరే మందు అని నేను ఎక్కడా రాయలేదు, రేపు స్క్రీన్‌షాట్ తీసేవాళ్లు గమనించగలరు. తునకలు, ఎండుచేపల సంగతి ఇంకా కటువుగా చెప్పాలి. వాటిలో ఉప్పు చాలా ఎక్కువ, పొట్టలో నీళ్లున్న మనిషికి అవి మంచివి కావు. అయితే నేనడిగేది ఇది. మాంసం కంటే పప్పు మేలని చెప్పి పప్పు పెట్టారా? పెట్టలేదే. మాంసంతో పాటు పప్పునూ తీసేశారు, గుడ్డునూ తీసేశారు, మిగిల్చింది నీళ్ల మజ్జిగ. దాన్ని శాకాహారం అనరు, నిరాహారం అంటారు.

ఇంకొక గందరగోళం ఉంది, దీనివల్ల ఈ మధ్య చాలా నష్టం జరుగుతోంది. "లివర్ జబ్బు" అనే ఒక్క మాట కింద ఇద్దరు వేర్వేరు మనుషులున్నారు. ఒకాయన కుర్చీలో కూర్చుని పనిచేసే, బొజ్జ పెరిగిన మనిషి. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు. ఆయన బరువు తగ్గాలి, నిజమే. ఇంకొకాయన సిర్రోసిస్‌తో కండ కరిగిపోయిన మనిషి. యూట్యూబ్‌లో పదహారు గంటలు ఉపవాసం ఉంటే లివర్ కడిగినట్టవుతుందని చెప్పే పెద్దమనిషి మొదటాయనతో మాట్లాడుతున్నాడు. వింటున్నది మాత్రం రెండో ఆయన కొడుకు. నిమ్మకాయ నీళ్లు, సొరకాయ రసం, రాత్రి భోజనం బంద్. ఆ వీడియో కింద "మా నాన్నగారికి సిర్రోసిస్ అండీ, ఇది చెయ్యొచ్చా" అని అడిగిన కామెంట్లు నేను చూశాను. ఎవరూ జవాబివ్వలేదు.

మన గూడెం వైపు కూడా వేలు చూపిద్దాం. పసిరికలు అనగానే పసరు మందు, దాంతో నలభై రోజుల చప్పిడి పథ్యం. కళ్లు పచ్చబడ్డ ప్రతి జబ్బూ ఒకటే అనుకునే మందు అది. మామూలు కామెర్లు వాటంతట అవే తగ్గిపోతే పేరు పసరుకు వస్తుంది, సిర్రోసిస్ మనిషి పోతే పథ్యం తప్పాడంటారు. చర్చిలో ఇంకోటి. మూడు రోజుల ఉపవాస ప్రార్థన. నేను ఆ చర్చిలోనే పెరిగాను, ఆ పాటలు నాకు ఇప్పటికీ ఇష్టం. ఒంట్లో గరిసె ఖాళీ అయిన మనిషిని మూడు రోజులు మోకాళ్ల మీద కూర్చోబెట్టకండి పాస్టరన్నా. మీరు ఉండండి ఆయన పేరు మీద. ఆయన తినని.

మరి తాగుడు? తప్పించుకోను. "తాగి పాడుచేసుకున్నడు, ఇప్పుడు గుడ్లు కావాల్నంటడా" అని పక్క బెడ్డాయన బంధువు మా నాయిన వినేటట్టే అన్నాడు. తాగడం ఆపాలి, ఆపకపోతే ఏ తిండీ కాపాడదు. ఆ మాట ఎంత గట్టిగానైనా చెప్తాను. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేస్తే 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యమే పోయింది, 1997కల్లా మద్యం తిరిగి వచ్చింది, ఖజానాకు కావాలి కాబట్టి. అమ్మినవాడికి ఆదాయం, తాగినవాడికి పాపం. సరే అనుకుందాం. పాపానికి శిక్షగా తిండి ఆపమని ఏ వైద్య పుస్తకంలో ఉంది? ఇంకో విషయం. ఆ వార్డులో ఉన్నవాళ్లంతా తాగినవాళ్లు కాదు. హెపటైటిస్ బి, సి వైరస్‌లతో వచ్చినవాళ్లున్నారు. తల్లి నుంచి పుట్టుకలోనే అంటినవాళ్లు, మార్చని సూదితో అంటినవాళ్లు. ఈ రెంటికీ సర్కారు 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా పరీక్షలు, మందులు ఇస్తోంది. మీ ఊళ్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. చీటీ మాత్రం అందరికీ ఒకటే.

ఇప్పుడు లెక్క. యాభై కిలోల మనిషిని తీసుకుందాం, నీళ్ల బరువు తీసేసి. ఆయనకు రోజుకు 1750 కేలరీలు, 60 నుంచి 75 గ్రాముల ప్రొటీన్ కావాలి. తెలంగాణలో రేషన్ మనిషికి నెలకు 6 కిలోల బియ్యం. రోజుకు 200 గ్రాములు. అంటే సుమారు 700 కేలరీలు, 15 గ్రాముల ప్రొటీన్. మిగతా 45, 60 గ్రాములు ఎక్కడినుంచి? గుడ్డుకు 6 గ్రాములు. గుప్పెడు కందిపప్పు, అంటే 50 గ్రాములు వండితే 11. అంతే పల్లీలకు 12 దాకా. పెద్దకూర వంద గ్రాములకు 20. పాలు పెద్ద గ్లాసుకు 7, 8. కూడుకోండి. రోజుకు రెండు గుడ్లు, రెండుపూటలా పప్పు, గుప్పెడు పల్లీలు, ఇంత పెరుగు. ఇది రాజుల భోజనమేం కాదు. కానీ పనికిపోలేని హమాలీ ఇంట్లో, రోగి పక్కన కూర్చోవడానికి కూలి మానేసిన భార్య ఉన్న ఇంట్లో, ఇది ఒకరి కోసం ఇద్దరు పిల్లల కంచంలోంచి తీసే తిండి. ఇక్కడే ఆ చీటీ ఇంకో పని చేస్తుంది, ఎవరూ బయటికి అనని పని. కొనలేని ఇంటికి "కొనొద్దు" అని చెప్పి సిగ్గు నుంచి తప్పిస్తుంది. మేము గుడ్డు పెట్టలేకపోలేదు, డాక్టరే వద్దన్నాడు. పేదరికానికి ప్రిస్క్రిప్షన్ దొరికింది. దాంతో సర్కారు కూడా ఊపిరి పీల్చుకుంది, వార్డులో గుడ్డు పెట్టాల్సిన పని తప్పింది కదా.

ఇది చదువుతున్నవాళ్లలో ఇంట్లో లివర్ రోగి ఉన్నవాళ్లుంటారు. నేను డాక్టర్ను కాదు. మందులు ఆపకండి, ముఖ్యంగా విరేచనం సాఫీగా కావడానికి ఇచ్చే సిరప్. మతి తప్పకుండా కాపాడేది అదే. డాక్టరు దగ్గరికి పోయి సూటిగా అడగండి. "ఈయనకు ప్రొటీన్ ఎన్ని గ్రాములు? రాత్రి పడుకునే ముందు ఏం పెట్టాలి?" ఈ రెండు ప్రశ్నలు. సుగరు ఉంటే, మూత్రపిండాలు దెబ్బతిని ఉంటే లెక్క మారుతుంది, అదీ అడగండి. ఉప్పు తగ్గించాలి, రోజుకు చెంచాకు మించకుండా. పచ్చడి, అప్పడం, తునకలు ఆపితే చాలా మటుకు తగ్గిపోతుంది. కానీ పూర్తి చప్పిడి చేసి, ఆయన ముద్ద మింగలేక కంచం నెట్టేస్తే ఆ లాభం కంటే నష్టమే ఎక్కువ. పగలు మూడు నాలుగు గంటలకోసారి కొంచెం కొంచెం. రాత్రి పదింటికి పెరుగన్నమో, పాలు పోసిన రాగి జావో, అరటిపండూ ఉడికిన గుడ్డో. పొద్దున లేవగానే మళ్లీ ఏదో ఒకటి. మా తాత తెల్లారకముందే సద్దన్నం తిని పొలానికి పోయేవాడు. టిఫిన్‌కు ఎనిమిదిన్నర అనేది ఆఫీసు టైము, ఒంటి టైము కాదు.

ఇక విద్యార్థి సంఘాల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. సర్కారు దవాఖానల్లో లివర్ వార్డుకు రాత్రి తొమ్మిదిన్నరకు ఒక తిండి, అందులో గుడ్డో పాలో ఉండాలని మనం అడగబోతున్నాం. మందులు తెమ్మని కాదు, మిషన్లు తెమ్మని కాదు, బండి ఇంకోసారి తిప్పమని. ఖాళీగా ఉన్న డైటీషియన్ పోస్టులు నింపమని. పాత చీటీని చింపి, తెలుగులో, ఎన్ని గ్రాములో రాసిన కొత్త చీటీ ఇవ్వమని. వినతిపత్రం ఇస్తే "మా దగ్గర అంతా సక్రమంగానే ఉంది" అంటారు. కాబట్టి ముందు మన చేతిలో లెక్క ఉండాలి. మీ జిల్లా దవాఖానకు ఈ వారం ఒకసారి పోయి రండి. గొడవొద్దు, వీడియోలొద్దు, రోగుల ఫొటోలు అసలే వద్దు. అటెండెంట్లతో కూర్చుని రెండే అడగండి. రాత్రి బండి ఎన్నింటికి వస్తుంది, పొద్దున బండి ఎన్నింటికి వస్తుంది. జిల్లా పేరు, ఆ రెండు అంకెలు కింద రాయండి. మాది నేనే మొదలుపెడుతున్నాను. ఆరున్నర, ఎనిమిదిన్నర.